మెంతిగుజ్జు కొండ

కొండ చేయడం నాకు కొత్త కాదు. పెళ్లయి ఇనుప గనుల ఊరు కిరండూల్ వచ్చిన ఏడాది నుంచి, దసరాకు మా ఇంట్లో పెట్టే బొమ్మల కొలువులో ఒక కొండ తప్పకుండా ఉండేది. ఖాకీరంగు కాగితం తడిపి, నలిపి, రెండు ప్రెషర్ కుక్కర్ల మీద కప్పి, అక్కడక్కడా సున్నం చుక్కలు పెడితే చాలు, పక్క క్వార్టర్ల వాళ్లు వచ్చి దండం పెట్టుకునేవారు. మూకుడులో రాగులు మొలకెత్తించి ముందు పెడితే అది పొలం. అద్దం ముక్క పెడితే చెరువు. కొండకు వెనక భాగం ఉండేది కాదు. గోడకు ఆనించి పెట్టేదాన్ని కాబట్టి ఎవరూ అడగలేదు. అందువల్ల కొండ దేనితో చేయాలో ఒకరు నాకు చెప్పక్కర్లేదని గట్టి నమ్మకంతో ఉండేదాన్ని. ఆ నమ్మకం పోయేసరికి నాకు యాభై తొమ్మిదేళ్లు వచ్చాయి.

మా ఆయన రైల్వేలో లోకో పైలట్. బైలాడిలా కొండల్లో తవ్విన ఇనుపరాయిని విశాఖపట్నం వైపు మోసుకెళ్లే గూడ్సు బండ్లు నడిపేవారు. మా ఇద్దరిదీ విజయనగరం వైపు. రిటైరయ్యాక అందరిలాగే మేమూ అటు వెళ్లిపోతామనుకున్నాను. ఆయన వినలేదు. "అక్కడికెళ్లి ఏటి చేస్తాం? బండి చప్పుడు కూడా ఉండదు" అన్నారు. క్వార్టరు ఖాళీ చేసి, పట్టాలకు దగ్గర్లోనే ఒక అద్దె ఇంట్లో చేరాం. ఏడాది తిరక్కుండానే, వానాకాలంలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ పెరట్లో పడిపోయారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పడిపోయాయి.

కాలు మెల్లమెల్లగా వచ్చింది. మాటలన్నీ పోయి "అదే" అన్న ఒక్క ముక్క మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా అదే, పులుసులో ఉప్పు ఎక్కువైందన్నా అదే, నా మీద కోపం వచ్చినా అదే. గొంతును బట్టి నేను పోల్చుకోవాలి. ఆయన ముందు నుంచీ మాటల మనిషి కాదు. ముప్ఫై ఏళ్లుగా డ్యూటీ దిగి వచ్చి, తిని, పడుకునేవారు. లైను మీద ఏం చూశారో, ఏం జరిగిందో ఇంట్లో చెప్పే అలవాటు లేదు. అందుకని ఒక్క ముక్కతో కాపురం చేయడం నాకు మరీ అంత కష్టం కాలేదు. చెయ్యి సంగతే నన్ను భయపెట్టింది.

టౌన్‌షిప్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి రాయపూర్ పిల్ల. నెమ్మదస్తురాలే కానీ మాట దాచదు. "ఆంటీజీ, మొదటి నెలలే ముఖ్యం. ఇప్పుడు ఈ చేతికి పని ఇవ్వకపోతే వేళ్లు ఇలాగే ముడుచుకుపోతాయి. తర్వాత వాటిని తెరవడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు" అని హిందీలో నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. నొక్కడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చింది. మా ఆయన ఇంటికి రాగానే దాన్ని ఎడమ చేత్తో తీసి కిటికీలోంచి విసిరేశారు. వెళ్లి తెచ్చాను. మళ్లీ విసిరారు. మూడోసారి దాన్ని వీధికుక్క ఎత్తుకుపోయింది. తరువాత ఆ అమ్మాయి గోధుమపిండి ముద్ద ఇచ్చి పిసకమంది, తడి తువ్వాలు పిండమంది, రంగురంగుల పుల్లలు చిల్లుల్లో గుచ్చమంది. ఏది ముందు పెట్టినా గోడ వైపు తిరిగి కూర్చునేవారు. అంత పెద్ద బండిని కొండల ఘాటు దించిన మనిషిని పుల్లలు గుచ్చుకోమంటే ఎలా ఉంటుందో నాకూ తెలుసు. అయినా ఒళ్లు మండేది. "మీ పౌరుషం పాడుగాను, చెయ్యి పోతే పోయింది, పౌరుషం మిగిలితే చాలా?" అని ఒకసారి నోరు జారాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

స్నానం చేయించేటప్పుడు ఆ వేళ్లు ఒక్కొక్కటీ తెరిచి అరచేతికి సబ్బు రాయాలి. ఒక్కో వారం గడిచేకొద్దీ అవి తెరవడానికి నాకు మరికొంత బలం పట్టేది. ఆ మాట ఫిజియో అమ్మాయికి కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఆ దసరాకు కొలువు పెట్టలేదు. బొమ్మలు దింపే ఓపిక లేదు, ఇష్టమూ లేదు. అటక మీద దుప్పట్లు వెతుకుతుంటే ఒక అట్టపెట్టె చేతికి తగిలింది. ఆయన రిటైరైన రోజు తోటి పైలట్లు ఇచ్చిన బహుమతి. కరెంటుతో నడిచే బుల్లి రైలు. ఒక ఇంజను, అయిదు వ్యాగన్లు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, తిప్పడానికి ఒక మీట. ఆ రోజు ఆయన నవ్వి "బొమ్మ" అని పక్కన పెట్టేశారు. కొలువుకు మెట్లుగా వాడే ప్లైవుడ్ చెక్క ఒకటి దింపి, రెండు స్టూళ్ల మీద వేసి, దాని మీద పట్టాలు పరిచాను. ఏదో ఒకటి కదిలితే చూస్తూ కూర్చుంటారు కదా అనుకున్నాను, అంతకంటే ఆశ లేదు.

మీట తిప్పగానే ఇంజను కదిలింది. గోడ వైపు ఉన్న ముఖం ఇటు తిరిగింది. "అదే" అన్నారు. ఆ గొంతు నేను మూడు నెలలుగా వినలేదు. కుర్చీ దగ్గరికి లాగమని సైగ చేసి, మీట తనే తీసుకుని, ఎడమ చేత్తో బండిని ఆరేడు చుట్లు తిప్పారు. అంతలోనే ముఖం చిన్నబోయింది. మీట వదిలేసి, పట్టాల మధ్య ఉన్న ఖాళీ చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి మెల్లగా పైకి లేపారు. నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అక్కడ కొండ లేదని ఆయన ఫిర్యాదు.

ఎగిరి గంతేద్దామనిపించింది. మూడు నెలల్లో తిండీ నీళ్లూ కాకుండా ఆయన అడిగిన మొదటి వస్తువు అది. ఆ క్షణంలోనే ఒకటి గట్టిగా అనుకున్నాను. ఈ కొండ నేను చేయకూడదు, ఎవరూ చేయకూడదు, ఆ కుడి చెయ్యే చేయాలి. ఇక తేలవలసింది దేనితో అన్నదే.

ముందు నాకు వచ్చిన విద్యే చూపించాను. ఖాకీ కాగితం తడిపి, నలిపి, డబ్బాల మీద కప్పాను. అరగంటలో కొండ తయారు. ఆయన దాన్ని అటూ ఇటూ చూసి, ఎడమ చూపుడువేలితో కొసన ఒక్కసారి నొక్కారు. కొండ కూర్చుంది. ఆయన నవ్వారు. జబ్బు చేశాక మొదటిసారి నవ్వారు కదా అని సంతోషించాలో, నా కొండను వెక్కిరించారని ఉడుక్కోవాలో తెలియలేదు. కాగితంతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకసారి నలిపితే పని అయిపోతుంది. చేతికి కావలసింది అయిపోయే పని కాదు.

తరువాత థర్మాకోల్. బజారులో టీవీలు అమ్మే కొట్టుకు వెళ్లి, పెట్టెల్లో వచ్చే ముక్కలు అడిగాను. ఆ షావుకారు "క్యా బనాయేంగే?" అని, ఏం చేస్తారని అడిగాడు. పహాడ్, కొండ అన్నాను. అతను కొట్టు గుమ్మంలోంచి తల బయటపెట్టి, ఎదురుగా ఉన్న కొండలన్నీ ఒకసారి చూసి, "ఇవి చాలడం లేదా మేడం?" అన్నాడు. నవ్వుతూనే రెండు సంచులు నింపి ఇచ్చాడు. తేలిక, ఎంత ఎత్తయినా పేర్చుకోవచ్చు, రైలు తగిలినా ఏమీ కాదు. అన్నీ బాగున్నాయి కానీ దాన్ని కత్తితో కోయాలి. కుడిచేత్తో అదిమి పట్టుకుని ఎడమచేత్తో కోయమన్నాను. ముక్క జారింది, కత్తి జారింది, ఆయన సహనమూ జారింది. తెల్లటి పూసలు ఆయన మీసాల్లోకి, నా చీర మడతల్లోకి, ఆఖరికి పప్పు గిన్నెలోకి కూడా చేరాయి.

మా ఇంట్లో పనిచేసేది తెలుగు సరిహద్దు వైపు ఉన్న బాసగూడ నుంచి వచ్చిన మనిషి. భర్తతో కూలికి వచ్చి కిరండూల్‌లోనే ఉండిపోయింది. ఇంట్లో దోర్లీ మాట్లాడుతుంది, బజార్లో హల్బీ, హిందీ, నాతో తెలుగు. ఆ పూసలు ఊడవలేక చీపురు నేలకేసి కొట్టి, "ఏందమ్మా ఇది, ఊడుస్తుంటే ఎగురుతది, ఊరుకుంటే అంటుకుంటది. సారును బాగుచేస్తున్నవా, నన్ను చంపుతున్నవా?" అంది. రెండు సంచులూ కట్టి బయట పెట్టేశాను.

మూడోది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. దాని గురించి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. హార్డ్‌వేర్ కొట్లో పొడి దొరికింది. నీళ్లలో కలిపితే మీగడలా అవుతుంది. గుడ్డముక్కలు అందులో ముంచి వైరు జాలి మీద పరిస్తే రాయంత గట్టి కొండ వస్తుందని ఫోనులో ఒక వీడియోలో చూశాను. మెత్తగా ఉంది కదా, పిసకడానికి బాగుంటుందని, బేసిన్‌లో కలిపి ఆయన కుడిచేతిని అందులో పెట్టాను. వేళ్లు ముడుచుకున్నాయి. బాగుంది అనుకున్నాను. అవి మళ్లీ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, ప్లాస్టరు గట్టిపడడానికి ఎంతసేపు పడుతుందో తెలియదు. పొయ్యి మీద పాలు చూసి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆ తెల్లటి ముద్దలో ఇరుక్కుపోయి ఉంది. పైగా అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందట. ఆ చేతికి వేడి తెలియదు. నేను ముట్టుకుంటే నా వేలు చురుక్కుమంది. ఆయన మాత్రం ప్రశాంతంగా నన్నే చూస్తూ కూర్చున్నారు.

రోకలి అంచుతో ముద్ద పగలగొట్టి, వేళ్ల సందుల్లోంచి ఒక్కో పెళ్లా తీశాను. చర్మం ఎర్రబడింది, బొబ్బలు రాలేదు. అది నా అదృష్టం. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఆయన ఎడమచేత్తో నా తల నిమిరి "అదే, అదే" అన్నారు. దెబ్బ తిన్నది ఆయన, ఓదార్పు నాకు. ఇక కొండా వద్దు, గిండా వద్దు అనుకున్నాను.

గిన్నెలు తోముతూ ఇదంతా చూసిన బాసగూడ మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గంత జల్ది గట్టిపడేది సారుకెందుకమ్మా?" అంది. "మా దిక్కు గోడకు మన్ను ఎత్తేటప్పుడు ఎవరం తొందర పడం. ఇయ్యాల ఒక పొర, అది ఎండినంక ఇంకో పొర. చెయ్యి ఎంత మెల్లగ పోతే మన్ను అంత మెల్లగ ఆరుతది. సారు చెయ్యి ఎంత నిదానమో, అంత నిదానంగ ఆరేది సూడు."

నేను అప్పటిదాకా కొండ గట్టిగా ఉంటుందా, తేలిగ్గా ఉంటుందా, అచ్చం కొండలా కనిపిస్తుందా అనే చూశాను. ఎంత నిదానంగా ఆరుతుందని ఒక్కసారి కూడా అడగలేదు. మట్టి అయితే ఆ పల్చటి చెక్క బరువుకు వంగిపోతుంది. మరి ఏది అని ఆలోచిస్తుంటే మా అమ్మ చేటలు గుర్తొచ్చాయి. మా వైపు కొత్త చేట కొంటే అలాగే వాడరు. పాత కాగితాలు రెండు రోజులు నానేసి, నానిన మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జు చేటకు రెండువైపులా పట్టించి ఎండబెడతారు. వెదురు సందులు మూసుకుపోతాయి, మెంతుల చేదుకు పురుగు రాదు. చిన్నప్పుడు ఆ గుజ్జు అద్దడం నా పని. పూటంతా మెత్తగానే ఉంటుంది, తప్పు పోతే తీసి మళ్లీ అద్దుకోవచ్చు, ఎండాక కూడా తడి చేస్తే మెత్తబడుతుంది. కొలువులో ముప్ఫై కొండలు చేసిన దాన్ని, ఇది ఒక్కసారి కూడా తట్టలేదు.

బాసగూడ మనిషి మర్నాడు అంచు ఊడిన ఒక వెదురు బుట్ట తెచ్చింది. "ఇది కట్టెలకు కూడ పనికిరాదు, నీ గుట్టకు పనికొస్తది" అంది. బోర్లిస్తే మూపురంలా నిలబడింది. బైలాడిలా కొండలకు ఎద్దు మూపురం పేరే పెట్టారంటారు, అందుకని నాకు ముచ్చటేసింది. బుట్టకు రెండు పక్కలా రైలు పట్టేంత కోసి సొరంగం చేశాం. హిందీ పేపర్ల కట్ట నానేశాను. మెంతులు నానేశాను. గ్రైండరులో వేసి తిప్పితే బూడిదరంగు ముద్ద వచ్చింది. ఇల్లంతా మెంతి వాసన.

ఆ ముద్ద ఆయన ముందు పెట్టి, నేనేమీ అనకుండా కొంచెం తీసి బుట్టకు అద్దాను. ఆయన చూశారు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి గుజ్జులో పెట్టారు. వేళ్లు కొంచెం కదిలాయి. ముడుచుకున్నాయి. ఆయన తొందరపడలేదు. చాలాసేపటికి బొటనవేలు వదిలింది, తరువాత చూపుడువేలు. ముద్ద బుట్ట మీద పడింది. దాన్ని అరచేత్తో అదిమారు. రోజంతటికీ నాలుగు ముద్దలు పడ్డాయి. సాయంత్రానికి ఆయన అలిసిపోయి, తృప్తిగా, జబ్బు చేశాక మొదటిసారిగా మారు అన్నం పెట్టించుకున్నారు.

అలా రోజుకో చారెడు మేర కొండ పెరిగింది. పొద్దున్నే చెక్కను పెరట్లో ఎండలో పెట్టేవాళ్లం, నీడ వచ్చేసరికి లోపలికి తెచ్చేవాళ్లం. ఫిజియో అమ్మాయి ఇంటికి వచ్చి చూసి ముక్కు మూసుకుంది, ఆ తరువాత ఆయన చెయ్యి పట్టుకుని చూసి ముక్కు వదిలేసింది. "ఆంటీజీ, దీన్ని ఆపకండి" అంది. స్నానం దగ్గర నాకూ తెలుస్తూనే ఉంది. సబ్బు రాయడానికి వేళ్లు ఇదివరకంత మొరాయించడం లేదు.

కొండ ఒక వైపు నిండింది. నేను మురిసిపోయి, దాని మీద చెట్లకని ఎండిన చీపురు పువ్వు గుచ్చాను. విశాఖపట్నం బండిలో ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే దంతెవాడ దాటాక కనిపించే వాలు అచ్చం అలాగే ఉంటుందని నా లెక్క. చెక్కను గోడకు ఆనించి పెట్టాను. మా ఆయన "అదే" అన్నారు, గట్టిగా, కోపంగా. చెక్క అంచు పట్టుకుని ఇటు తిప్పమని లాగారు. తిప్పితే ఏముంది, వెనక అంతా ఉత్త బుట్ట, వెదురు బద్దలు, రంధ్రాలు. అలవాటు కొద్దీ కొలువు కొండే చేయించానని అప్పుడు తెలిసింది. నేను ఆ లైనును ముప్ఫై ఏళ్లు కిటికీలోంచి ఒక పక్క చూశాను. ఆయన ఇంజనులోంచి రెండు పక్కలా చూశారు.

ఆ రెండో పక్క ఆయనే చేశారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. అటు వాలు లేదు, నిటారుగా కోసిన రాతిగోడ. గుజ్జు తడిగా ఉండగా చూపుడువేలి గోరుతో అడ్డంగా గీతలు గీశారు. పైనుంచి కింది దాకా ఒక సన్నటి గాడి లాగి, అక్కడ వేలు ఆపి నన్ను చూశారు. నీళ్లు కారుతాయా అన్నాను. అవునని తలూపారు. సొరంగం నోటి దగ్గర వ్యాగను అంచు రాసుకుంటుంటే, వంపులో బండి బయటికి జరుగుతుంది కదా, ఎంత మేర తగులుతోందో చూసి, ఎండిన చోట తడి చేయించి, రోజూ కొంచెం కొంచెం గీకి తీశారు. ముప్ఫై ఏళ్లలో ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పని దారి అంతా ఆ వారంలో నాకు చూపించారు. ఆయన మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు. పక్కన కూర్చుని గుజ్జు అందించడం తప్ప ఇంకేమీ చేయాలనిపించలేదు.

రంగు దగ్గర ఇద్దరం కలిసి ఒక తప్పు చేశాం. ఈ ఊరి వాళ్లు తప్ప వేరెవరూ అది చేయరు. కిరండూల్‌లో కిటికీ అంచుల మీద రోజూ ఎర్రటి ధూళి పేరుకుంటుంది. ఇనుపరాయి పొడి. పెళ్లయినప్పటి నుంచి నేను తుడిచింది తుడిచినట్టే ఉంది. ఇనుపకొండ చేస్తూ రంగు డబ్బా కొనడమేమిటని, వారం రోజుల ధూళి తుడవకుండా పోగుచేసి, జల్లించి, కొండ మీదా పట్టాల పక్కనా చల్లాం. ఎంత అందం వచ్చిందంటే బాసగూడ మనిషి కూడా "ఇగ గుట్ట అయ్యింది" అని ఒప్పుకుంది. ఆయన మీట తిప్పారు. బండి నాలుగు చుట్లు తిరిగి, మూలిగి, ఆగిపోయింది.

ఇంజను తిరగేస్తే కింద చక్రాలకు, లోపల మోటారుకు ఎర్రటి బురద. మోటారులో ఉండే అయస్కాంతం లాక్కుందో, నూనెకు అంటుకుందో, మొత్తానికి మా కొండ మా ఇంజనును మింగేసింది. ఆయన మీట వదిలేసి గోడ వైపు తిరిగారు. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. గుజ్జు కలిపి పెట్టాను, పులిసిపోయింది. అయిదో రోజు స్నానం దగ్గర వేళ్లు మళ్లీ బిగిశాయి. సబ్బు నా చేతిలోనే అరిగిపోయింది. ఇంత దాకా వచ్చి మళ్లీ మొదటికే పోతామా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంజనూ, పాత పళ్లబ్రష్షూ, కుట్టుమిషను నూనె డబ్బా తీసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. నాకు ఆ పని చేతకాదు. చేతకాదని దాచలేదు కూడా. స్క్రూ తప్పు వైపు తిప్పాను, బ్రష్షుతో మురికిని ఇంకా లోపలికి తోశాను. ఆయన కాసేపు ఓర్చుకున్నారు. ఇంజనును ఎవరైనా అలా పట్టుకుంటే ఆయన చూడలేరు. "అదే!" అని లాక్కున్నారు. బ్రష్షు ఎడమచేతిలో ఉంది, మరి ఇంజనును ఏ చేత్తో పట్టుకుంటారు? ఒళ్లో పెట్టుకుంటే జారింది. నేను పట్టుకుంటానని చేయి చాపలేదు. చాలా కష్టం మీద చాపకుండా ఉన్నాను. ఆయన కుడిచేతిని ఒళ్లోకి లాక్కుని, వేళ్లు ఒక్కొక్కటీ తనే విప్పి, అరచేతిలో ఇంజను పెట్టారు. వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి. ఆ పట్టు వదలకుండా గంటసేపు తుడిచారు.

కొండ మీది ధూళినంతా ఊదేసి, దాన్నే గుజ్జులో కలిపి పల్చటి ఆఖరి పొరగా పూశాం. గుజ్జులో ఉన్నంతకాలం అది ఎక్కడికీ పోదు. ఎండాక పైన నీళ్లు కలిపిన తెల్ల గమ్ ఒక పూత. ఇనుపరాయి ధూళి పొడిగా చల్లకూడదని కొత్తగా కొండ చేసేవాళ్లకు నేను చెప్పగల మాట ఇదొక్కటే.

చలికాలం చివర్లో ఒక ఆదివారం పొద్దున బండి మళ్లీ పట్టాలెక్కింది. సొరంగం అవతల ఖాళీగా ఉందని నేను అగ్గిపెట్టెతో ఒక చిన్న స్టేషన్ చేసి అతికించాను. నేను అటు వైపు స్టూలు మీద కూర్చున్నాను, ఆయన ఇటు వైపు కుర్చీలో. ఎడమచేత్తో మీట తిప్పారు. బండి కొండలోకి వెళ్లింది. బయటికి వచ్చింది. స్టేషన్ దగ్గరికి రాగానే ఆయన కుడి మోచెయ్యి కుర్చీ మీంచి లేచింది. చెయ్యి మెల్లగా ఛాతీ దాకా వచ్చింది, అక్కడ ఆగలేదు, భుజం దాకా వెళ్లింది. నెలల తరబడి ఫిజియో అమ్మాయి ఎంత బతిమాలినా ఎత్తని చెయ్యి. వేళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి.

నొప్పేమోనని లేచాను. "ఏటండీ, ఏటైంది?" అన్నాను. ఆయన చెయ్యి దించలేదు. నా వైపే చూస్తున్నారు. చెయ్యి వణకడం మొదలుపెట్టింది, అయినా దించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. గూడ్సు బండి ఏ స్టేషన్ దాటినా స్టేషన్ మాస్టరు బయటికి వచ్చి పచ్చజెండా పట్టుకుని నిలబడతాడు. పైలట్ ఇంజనులోంచి చెయ్యెత్తాలి, బండి అంతా బాగానే ఉందని అతను అటునుంచి చూపాలి. దాన్ని ఆల్ రైట్ సిగ్నల్ అంటారు. పెళ్లయిన కొత్తలో అన్నం క్యారేజీ ఇవ్వడానికి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి రెండు మూడుసార్లు చూశాను కూడా. అటువైపు నుంచి జవాబు రానిదే ఆయన చెయ్యి దించరు, ఎంత వణికినా సరే. ఇప్పుడు ఆ స్టేషన్‌లో ఉన్నది నేనొక్కదాన్నే.

నిలబడి, చెయ్యి పైకెత్తాను. ఆయన నన్ను నిదానంగా, పైనుంచి కింది దాకా చూశారు. తరువాత చెయ్యి దించారు.